మూడో పిలుపు

1

గట్టుగూడు తలుపు దగ్గర డ్యూటీలో ఉన్నవాళ్ళు రోజూ ఏదో ఒకటి రాయాలట. ఏమీ జరగకపోతే ఏం రాయమంటారండీ అని అడిగితే, "జరగలేదనే రాయమ్మా, అదీ రికార్డే" అన్నారు మా గూడు పెద్ద సన్యాసిరావు గారు. సరే. నా పేరు మంగతాయారు. ఈ రోజు ఏమీ జరగలేదు.

తలుపు మాత్రం రెండుసార్లు తీశాను. నీళ్ళ పంపు చూడటానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి పిలిచినప్పుడు ఒకసారి. మొదటి పిలుపుకే అద్దంలోంచి వాళ్ళ సూట్లు కనపడుతున్నాయి, చేతులు కూడా ఊపుతున్నారు. అయినా మూడోసారి పేరు చెప్పి పిలిచేదాకా నేను లివర్ ముట్టుకోలేదు. తీసిన కారణం రాసే గడిలో ఎప్పటిలాగే "మూడో పిలుపు" అని రాశాను. రెండోసారి తీసింది మా ఆయన గవర్రాజు బయటికి వెళ్ళడానికి. పల్లంగూడులో గాలి మిషను మొరాయించిందట, బండేసుకుని వెళ్ళాడు. టిఫిన్ తినమంటే వినలేదు. ఆ సంగతి కూడా రాద్దామనుకున్నాను గానీ గడి చాలలేదు.

2

ఈ రోజు కూడా ఏమీ జరగలేదు. కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది.

తలుపు డ్యూటీలో ఒకే ఒక్క సుఖం చదువుకోవడం. మా లైబ్రరీలో భూమినాటి తేలని కేసులు బోలెడున్నాయి. నడిసముద్రంలో ఓడ దొరుకుతుంది, పొయ్యి మీద కూర వెచ్చగానే ఉంటుంది, మనిషన్నవాడు ఉండడు. లోపల గడియ పెట్టిన గదిలో జమీందారు చచ్చి పడుంటాడు. పెళ్ళిపందిట్లోంచి లేచి మంచినీళ్ళకని వెళ్ళిన పెళ్ళికొడుకు మళ్ళీ కనపడడు. వందల ఏళ్ళుగా పోలీసులకు తేలని కేసులు నాకు అరగంటలో తేలిపోతాయి. ఎక్కువసార్లు వంటవాడే చేసి ఉంటాడని నా నమ్మకం. "అందుకేనా నన్ను వంటింట్లోకి రానివ్వవు?" అంటాడు గవర్రాజు.

ఇంత దూరం వచ్చి ఈ గ్రహమ్మీద కాపురం పెట్టినా, మనకీ ఒక తేలని కేసు ఉంది. ఐదుగురి కేసు. నలభై ఏళ్ళు దాటింది. పల్లంగూడు నుంచి ఇక్కడికి బయల్దేరిన బండి దారి మధ్యలో ఆగిపోయి దొరికింది. తలుపు తీసుంది, తెచ్చుకున్న అన్నం డబ్బాలు మూత తియ్యకుండా ఉన్నాయి. ఐదుగురిలో ఒక్కరూ లేరు. వాళ్ళలో ఒకమ్మాయి చిట్టెమ్మ, పంతొమ్మిదేళ్ళది, మా అత్తయ్య, అంటే గవర్రాజు వాళ్ళమ్మ పాపాయమ్మకి సొంత అక్క. బండి నడిపింది అప్పన్న. చిట్టెమ్మని చేసుకుంటానని అతను అడిగితే వాళ్ళ నాన్న భద్రయ్య తాత ఒప్పుకోలేదట. ఇంకేం, అప్పన్నే అందర్నీ చంపి ఎక్కడో పాతిపెట్టి తానూ చచ్చాడని పెద్దలు తేల్చారు. అప్పన్న అన్నని, అన్న కొడుకుని ఇక్కణ్ణుంచి పల్లంగూడుకి పంపేశారు. ఇప్పటికీ మనవాళ్ళు వాళ్ళింట్లో మంచినీళ్ళు ముట్టరు. గవర్రాజు బాగుచెయ్యడానికి వెళ్ళిన మిషను ఆ అన్న కొడుకు నడిపేదే.

ఈ కేసు గురించి నేను నోరెత్తితే చాలు, అత్తయ్య చేతిలో పని వదిలేసి లేచి వెళ్ళిపోతుంది.

3

పడమర అంతా గోధుమ రంగులోకి తిరిగింది. పొడి లేస్తోంది.

గవర్రాజు దగ్గర్నుంచి పొద్దున ఒక కబురొచ్చింది, పని అయిపోయింది, రేడియోలో గరగర ఎక్కువగా ఉంది అని. ఆ తర్వాత లైను పోయింది. పొడి తగ్గేదాకా అక్కడే ఉంటాడు. ఉండాలి. బుద్ధున్నవాడైతే ఉంటాడు.

పంపు మీద కవరు కప్పలేదని సన్యాసిరావు గారికి అప్పుడు గుర్తొచ్చింది. అందరూ ఏదో ఒక పనిలో ఉన్నారు, నేనే సూటు వేసుకుని వెళ్ళాను. పొడి లేచేటప్పుడు బయట ఎవరూ ఉండరు. అది మాటలు దాచుకుంటుందని, లేచినప్పుడల్లా వాటిని తిరిగి పలుకుతుందని అందరికీ తెలుసు. ఎక్కడెక్కడివో మోసుకొస్తుందని చిన్నప్పుడు మాకు చెప్పారు. ఒక్క పిలుపుకి తలుపు తియ్యకూడదన్న కట్టుబాటు అందుకే వచ్చింది. ప్రాణమున్నవాడు మూడుసార్లు పిలుస్తాడు, పొడి ఒక్కసారితో ఆగిపోతుందని నమ్మకం. పొడి లోపలికి వస్తే గాలి జల్లెడ చచ్చిపోతుంది, దాంతో గూడంతా చస్తుంది.

పంపు దగ్గర వంగి కవరు కడుతుంటే హెల్మెట్‌లో ఒక ఆడగొంతు వినపడింది: "నీ జిమ్మడ, ఇవాళే చావాలా నువ్వు!" ఆ గొంతు నాదే. పోయిన నెల హ్యాండిల్ నా వేలు నొక్కేసినప్పుడు దాన్ని తిట్టిన తిట్టు. నవ్వొచ్చి పక్కకి జరిగాను. గొంతు ఆగిపోయింది. మళ్ళీ పంపు దగ్గరికి వస్తే మళ్ళీ తిట్టింది. ఇటు జరిగాను, అటు జరిగాను, అంతే. పొడి ఏదీ ఎక్కణ్ణుంచీ మోసుకురాదు. పడ్డ మాట పడ్డచోటే ఉంటుంది.

ఆ సంగతి బుర్రలో తిరుగుతుండగానే తలుపు దగ్గరికి వచ్చాను, అప్పటికి పొడి మోకాళ్ళదాకా లేచింది. ఐదుగురూ మొదలుపెట్టారు.

ప్రతి పొడిలోనూ వస్తారు వాళ్ళు. లోపల తలుపు చెవిలోంచి, అంటే బయటి పిలుపులు వినిపించే డబ్బాలోంచి, మేమంతా విని పెరిగాం. పిల్లలు దుప్పటి ముసుగేసుకుంటారు. ముందు అప్పన్న: "అప్పన్నని. తలుపు." తర్వాత ముగ్గురు మగవాళ్ళు వాళ్ళ వాళ్ళ పేర్లు చెప్పుకుంటారు. చివర్న చిట్టెమ్మ: "నాన్నా, చిట్టెమ్మని. తలుపు." ఒక్కొక్కరూ ఒక్కసారే, ఇంకెప్పుడూ రెండోసారి పిలవరు. ఎక్కడో మైదానంలో చచ్చిపోయినవాళ్ళ గొంతులు గాలికి కొట్టుకొస్తున్నాయనే ఇన్నాళ్ళూ అనుకున్నాం.

కొట్టుకొచ్చింది కాదు. మేం రోజూ పిలిచే పిలుపులు తలుపు ముందు ఊడ్చే పొడితో పోతాయి, పక్కకి పేరుకున్నది ఎవరూ ఊడవరు. ఇక్కడ పడ్డ మాటలు అవి. నా కాళ్ళ దగ్గర.

అప్పుడే ఇంకో గొంతు వచ్చింది. లోపలున్నవాళ్ళు ఎన్నడూ వినని గొంతు. తలుపు తన స్పీకర్‌లోంచి వెళ్ళిన మాటని తన చెవిలోకి రానివ్వదు, అందుకే ఎవరూ వినలేదు. నాకు మాత్రం ఆ గొంతు పుట్టినప్పటినుంచీ తెలుసు. తలుపు మూసుకున్నప్పుడల్లా "తలుపు పడుతోంది, చేతులు జాగ్రత్త" అనే గొంతే. గూడు కట్టిన భద్రయ్య తాతది, మొదటి తలుపు కాపరిది. ఆయన పోయినా ఆ గొంతు మార్చాలని ఎవరికీ తోచలేదు.

"విన్నాం. ఇంకో రెండుసార్లు పిలవండి," అన్నాడు తాత.

కాసేపు ఏమీ లేదు.

"ఎవరైనా సరే. ఇంకో రెండుసార్లు."

మళ్ళీ ఏమీ లేదు. తర్వాత చాలా చిన్నగా, "అమ్మా, చిట్టీ. ఇంకోసారి పిలువు తల్లీ."

నేను మూడుసార్లు గట్టిగా నా పేరు అరిచి లోపలికొచ్చి పడ్డాను.

4

అత్తయ్య చిలగడదుంపలు తరుగుతోంది. పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యా, ఆ ఐదుగురూ మన తలుపుదాకా వచ్చారు కదూ?"

కత్తి ఆగింది. "ఎవరు చెప్పారే నీకు?"

"తాతయ్యే. బయట ఆయన గొంతు ఇంకా ఉంది. ఇంకో రెండుసార్లు పిలవమంటున్నాడు."

అత్తయ్య నా మొహంలోకి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు, మళ్ళీ దుంప తీసుకుని తొక్క తియ్యడం మొదలుపెట్టింది.

"నాకప్పుడు ఎనిమిదేళ్ళే. నాన్న ఒళ్ళోనే కూచున్నా. ఒక్కొక్కళ్ళే పిలిచారు. చివర్న అక్క పిలిచింది. నాన్నా, అక్కే, తియ్యి నాన్నా అన్నాను. అక్కయితే మళ్ళీ పిలుస్తుందిలే అమ్మా అన్నాడు. లివర్ మీద చెయ్యి వేసి కూచున్నాడు, ఆ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే తర్వాత వేళ్ళు విప్పడానికి ఇద్దరు పట్టారు."

"మరి తియ్యలేదేం?"

"అంతకు ముందేడే తూర్పుగూడువాళ్ళు ఒక్క పిలుపుకి తీశారే. ఒక్క పిల్ల కూడా మిగల్లేదు. ఇక్కడ మేం పాతికమందిమి. నేనూ ఉన్నా అందులో." అత్తయ్య కత్తి కింద పెట్టింది. "ఐదు గొంతులు వచ్చాయి. మూడుసార్లు మాత్రం ఎవరూ పిలవలేదు. అలా లెక్కపెట్టుకున్నాం మేము."

"అప్పన్న చంపాడని చెప్పిందెవరు?"

"బండి దొరికాక అందరూ అన్నారు. నాన్న కాదనలేదు. అవుననీ అనలేదు. పొడి తగ్గాక ఎవరూ వెతకలేదు ఇక్కడ. బండి అంత దూరాన దొరికితే ఇక్కడ వెతకడమేంటని."

కేసు తేలినప్పుడు ఎంత సంబరపడతానో అనుకునేదాన్ని. దుంపల గిన్నె తీసుకుని లేచాను.

5

సన్యాసిరావు గారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి గది తలుపు మూసి వచ్చి మళ్ళీ కూర్చున్నారు.

"ఇది రాయకమ్మా."

"ఏమీ జరగకపోయినా రాయమన్నారు కదండీ. జరిగింది రాయొద్దంటే ఎలాగండీ?"

"పల్లంగూడులో అప్పన్న వాళ్ళకి ఏం చెప్పమంటావు? నలభై ఏళ్ళు హంతకుడి వంశం అన్నాం. పొరపాటైపోయింది, క్షమించండి అనా?"

"అదే చెప్పాలండీ."

మంచాయనే, చెడ్డవాడు కాదు. భయపడ్డారు. నేను రాశాను.

6

పొడి ముదిరింది. అద్దం బయట ఏమీ కనపడటం లేదు. తలుపు బాదినా లోపలికి వినపడదు, పిలుపు ఒక్కటే దిక్కు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఐదుగురూ పిలిచారు. అప్పన్న, ముగ్గురు, చిట్టెమ్మ. ముద్ద నోట్లో పెట్టుకోబోయినవాళ్ళు ఎప్పటిలాగే ఆగి, ఎప్పటిలాగే మళ్ళీ తినడం మొదలుపెట్టారు.

అప్పుడు ఆరో గొంతు.

"గవర్రాజుని. తలుపు."

నేను లివర్ దగ్గరికి ఎప్పుడు వచ్చానో నాకే తెలియదు. సన్యాసిరావు గారు వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "ఆగమ్మా. వాడు పల్లంగూడులో ఉన్నాడు. ఇది పాత పిలుపు. ఈ తలుపు ముందు వాడు ఎన్నిసార్లు పిలిచాడో నీకు తెలియదా?"

"ఎన్నిసార్లు పిలిచినా మూడేసి సార్లు పిలిచాడండీ! పాతదైతే మూడూ రావాలి. ఒక్కటే వచ్చింది."

"పొడి మూడూ దాచుకుంటుందని ఏముంది?"

"నా పంపు తిట్టు ఒక్క ముక్క కూడా తగ్గకుండా తిట్టిందండీ నన్ను."

"లోపల పసిపిల్లలున్నారు తాయారూ. ఉన్నది ఒకటే జల్లెడ. ఆగు. ఇంకోసారి పిలవనీ. ఒక్కసారి."

అందరూ లేచి నిలబడ్డారు. చెవిలోంచి పొడి గరగర తప్ప ఏమీ రావడం లేదు. నాకు పిచ్చెక్కిపోతోంది. తప్పయితే ఇంతమందిని నేనే చంపినదాన్నవుతాను. ఒప్పయితే మా ఆయన ఈ ఇనప రేకుకి అవతలే చస్తున్నాడు. పిలువు, ఇంకోసారి పిలవరా బాబూ అని నా నోటినుంచే వచ్చింది. తాత అన్నదీ అదే కదా.

అత్తయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చింది. బయట ఉన్నది ఆవిడ కొడుకు. నా చేతిమీద తన చెయ్యి వేసింది. చల్లగా ఉంది.

"మా నాన్న ఇక్కడే కూచున్నాడే," అంది. "ఎత్తు."

ఇద్దరం కలిసి లివర్ ఎత్తాం.

బయటి తలుపు తెరుచుకోగానే, రెండు తలుపుల మధ్యగదిలోకి పొడి గోడలా వచ్చి పడింది. దానితోపాటే ఒక మనిషి బోర్లా పడ్డాడు. తలుపు మూశాం. "తలుపు పడుతోంది, చేతులు జాగ్రత్త," అన్నాడు తాత.

తీసిన కారణం: మా ఆయన.

7

జల్లెడ చచ్చింది. అందరం పెద్ద హాల్లో పడుకుని ఉన్నాం. వంట లేదు, నడక లేదు, మాటలు తక్కువ. తలనొప్పి. పిల్లలు ఊరికే నిద్రపోతున్నారు, అది చూస్తే భయమేస్తోంది. నన్ను ఎవరూ తిట్టలేదు. ఒకావిడ మాత్రం పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అటు తిరిగి పడుకుంది. ఆవిడని తప్పుపట్టలేను.

గవర్రాజు కళ్ళు తెరిచాడు. "పొడికంటే ముందు వచ్చేద్దామనుకున్నానే," అన్నాడు. నాలుగు తగిలిద్దామనుకున్నాను, ఏడుపొచ్చి కుదరలేదు.

బండి దారిలో ఆగిపోయిందట. నడిచొచ్చాడు. నడుస్తుంటే సూటులో కరెంటంతా ఒంటికి వేడి ఇవ్వడానికే అయిపోతుందట, చివర్న ఒక్క పిలుపుకి సరిపడా మిగులుతుంది.

"నేను మూడుసార్లూ పిలిచాను తాయారూ. మొదటిదే బయటికి వెళ్ళింది. మిగతా రెండూ హెల్మెట్‌లోనే ఉండిపోయాయి. పైగా తాతయ్య గొంతు, ఇంకో రెండుసార్లు పిలవమని. పిలుస్తూనే ఉన్నాను."

సన్యాసిరావు గారు పక్కనే పడుకుని ఇదంతా విన్నారు. మొహమ్మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళూ పిలిచే ఉంటారని అప్పుడు మా అందరికీ అర్థమైంది. ఐదుగురూ, మూడేసి సార్లు.

8

పొడి తగ్గింది. పల్లంగూడు నుంచి కొత్త జల్లెడ వచ్చింది. తెచ్చింది అప్పన్న అన్న కొడుకు, ముసలాయన. కబురు పంపితే ఒక్క మాట అడక్కుండా తెచ్చాడు. అందరం బతికాం.

తలుపు పక్కన ఒక దిబ్బ ఉంది. సూట్లు వేసుకుని పిల్లలు దానిమీంచి జారుతుంటారు, చిన్నప్పుడు నేనూ జారాను. ఈ రోజు దాన్ని తవ్వాం.

అప్పన్న అందరికంటే ముందున్నాడు, భుజం తలుపు పక్క గోడకి ఆనించి. మిగతా ముగ్గురూ అతని వెనక ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. అప్పన్న సూటులో బ్యాటరీ లేదు. ఊడిపోలేదు, జాగ్రత్తగా విప్పి తీసిందే. తన వేడి తనే తీసేసి ఇంకెవరికో ఇచ్చేశాడు.

చిట్టెమ్మ లేదు. దిబ్బంతా తవ్వి, పొడి బళ్ళకెత్తి గూడు వెనక్కి పోశాం. ఎక్కడా లేదు.

అప్పన్న అన్న కొడుకు వంగి ఆ ఖాళీ అర మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. సన్యాసిరావు గారు అందరి ముందూ ఆయనకి చేతులు జోడించి చెప్పాల్సింది చెప్పారు. లోపలికి వచ్చాక అత్తయ్య ఆయనకి మంచినీళ్ళు ఇచ్చింది. సగం తాగి గ్లాసు తిరిగిచ్చాడు. మిగతా సగం అత్తయ్య తాగింది.

9

మళ్ళీ పొడి లేచింది. గవర్రాజు లోపలే ఉన్నాడు, ఈ మాట రెండుసార్లు రాస్తాను. లోపలే ఉన్నాడు.

పొద్దుటినుంచీ ఐదుగురి కోసం చూస్తున్నాం. రాలేదు. వాళ్ళు పిలిచిన పొడిని మేమే ఎత్తి పారబోశాం కదా. గవర్రాజు పిలుపు కూడా దానితోనే పోయింది. భోజనాల దగ్గర ఎవరూ ముద్ద ఆపలేదు. ఇంత నిశ్శబ్దంగా ఈ గూడు ఎన్నడూ లేదు, నాకు అదీ నచ్చలేదు.

అత్తయ్య అన్నం తినకుండా తలుపు దగ్గరే కుర్చీ వేసుకుంది. కాసేపటికి స్పీకర్ బటన్ నొక్కి, బయటికి వినపడేలా, మెల్లగా అంది: "అక్కా, పాపాయిని. నాన్న లేడు. నేనే ఉన్నా."

ఎవరూ ఆవిణ్ణి ఆపలేదు.

గరగర. గరగర. తర్వాత చెవిలోంచి ఒక ఆడపిల్ల గొంతు, అలిసిపోయి, చాలా దగ్గరగా.

"నాన్నా, చిట్టెమ్మని. ఇది రెండోసారి. తలుపు."

హాల్లో గ్లాసు ఏదో కిందపడింది.

ఆలోచిస్తే అర్థం దొరుకుతుంది. అప్పన్న ఇచ్చిన బ్యాటరీ తీసుకుని ఇంకెక్కడైనా వినపడుతుందేమోనని ఆ పిల్ల గూడు చుట్టూ తిరిగి ఉంటుంది. ఏ గోడ దగ్గరో రెండోసారి పిలిచి ఉంటుంది. మేం వెనక పొడి పోసినప్పుడు అక్కడి పాత పొడి జారి, ఆ మాట ఇటువైపు కదిలి ఉంటుంది. ఇలా నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే చూశాను, మా అత్తయ్య మొహంలో ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది.

సన్యాసిరావు గారు లేచారు. "మూడోది..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. మూలనున్న కొత్త జల్లెడ వైపు చూశారు. ఈసారి పల్లంగూడువాళ్ళు ఇంకొకటి అదనంగా ఇచ్చి వెళ్ళారు. పిల్లల్ని వెనకగదిలోకి తీసుకెళ్ళమని చెప్పి, వచ్చి నా పక్కన నిలబడ్డారు.

గవర్రాజు వాళ్ళమ్మ భుజం పట్టుకున్నాడు. నేను లివర్ మీద చెయ్యి వేశాను. చెవిలో గరగర సన్నబడింది, ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు. ఇంకో పిలుపు రాబోతోంది. అది వచ్చేదాకా ఆగడం నావల్ల కాలేదు.

తలుపు తీసినది: మంగతాయారు.

తీసిన కారణం: పిలిచారు.